ఊడే గుణం

హవల్లీలో మా దుకాణం
రెండు జ్యూస్ కొట్ల సందున,
ఏసీ నీళ్ళు కారే గోడకానుకొని ఉంటది.
పద్నాలుగేండ్లుగా లాప్‌టాప్‌ల పొట్టలు కోసి కుడుతున్న.
ఏ వైరు ఏ కాలంల పుట్టిందో
కండ్లు మూసుకొని, ముట్టుకొని చెప్త.

అయస్కాంతం చార్జర్ల కాలం ఒకటుండె.
దగ్గరికి తెస్తే చాలు,
చంటోడు తల్లి చంకలకు దుంకినట్టు
తనే ఎగిరి అతుక్కునేది.
మొన మీద ఆవగింజంత దీపం,
ఆకలైతే నారింజ, కడుపు నిండితే పచ్చ.
ఎవరి కాలు తగిలినా
టక్కున ఊడొచ్చేది.
అంతే. తప్పు ఎవరిదీ కాదు.
మళ్ళ పెట్టుకుంటే మళ్ళ అతుక్కునేది, అలక లేకుండ.

ఇప్పుడన్నీ ఒకటే బొక్క.
కరెంటు అందులకెంచే, బొమ్మ అందులకెంచే,
పెన్‌డ్రైవు, ప్రింటరు అందులకెంచే.
ఒకటి దూరితే ఇంకోటి బయట నిలబడాలె,
మా ఖైతాన్ రూంల పొద్దుగాల బాత్రూం ముందట లెక్క.

షఫీకుల్ ఢాకా హిందీల అన్నడు:
'భాయ్, ఇది మన అకామా అసుంటిదే.
జీతం దాంట్లకెంచే, మంచం దాంట్లకెంచే,
సిమ్ కార్డు, దవాఖాన చీటీ దాంట్లకెంచే.
అది వదులైతే మొత్తం చీకటే.'
పని చూడు, అన్న.
పక్క టేబుల్ మీదనే కఫీల్ చాయ్ తాగుతుండె.

మా రూంల ఎనిమిది మందికి ఒక్క ప్లగ్ బోర్డు.
నరేందర్ సేఫ్టీ ఆఫీసర్ కోర్సు చదువుతుండు.
వీడియో చూసుకుంట నిద్రపోయిండు,
తీగ తలుపుకడ్డంగ పండింది.
రాత్రి మూడింటికి బేకరీ డ్యూటీ దిగి ఆశన్న వచ్చిండు.
ఎవరి నిద్రా చెడగొట్టొద్దని లైటెయ్యడు,
చెప్పులు సుత చేతుల పట్టుకొనే వస్తడు.

పాతదైతే టక్కుమనేది.
ఇది వదల్లే.
పలుపు వెంట దూడ వచ్చినట్టు
తీగ వెంట లాప్‌టాప్ వచ్చింది.
బండల మీద ఆ చప్పుడుకు ఏడుగురం లేచినం,
ఏడుగురం నిద్ర నటించినం.
తెల్లారి ఆజాన్ దాక
తీగ ఒళ్ళె పెట్టుకొని కూసున్నడు ఆశన్న,
ఒంటి మీది పిండి దులుపుకోకుండనే.
పొద్దున నరేందర్ దిండు కింద ఇరవై దీనార్లు.
నరేందర్ తిరిగిచ్చిండు, ఈయన మళ్ళ పెట్టిండు.
మూడు రోజులు ఆ నోటు
రెండు మంచాల నడుమ తిరిగింది.

నా దగ్గరికే వచ్చింది రిపేరుకు.
మైక్రోస్కోప్ కింద చూస్తే
పోర్టు నాలుగు కాళ్ళూ పెరికినట్టే ఉన్నయి,
బోర్డు మీది రాగి పొరను పట్టుకొని.
గట్టి పట్టే, కాదన.
విడిచేటప్పుడు మాంసంతోని విడిచింది.
వెంట్రుకంత తీగలేసి అతికిన.
పైసలు తీసుకోలే.
ఓనరుకు మాత్రం నా జేబుల కెంచి ఎనిమిది దీనార్లు కట్టిన.

కొత్త బొక్కకు పాత గుణం నేర్పే
అయస్కాంతం ముక్క ఒకటి దొరుకుతది, దీనారున్నరకు.
జర్ర వేడెక్కుతది, కని పని చేస్తది.
'అది అమ్మకు' అన్నడు ఓనరు.
ఎందుకో నేనడగలే.
ఈ నెల వచ్చిన ముప్పై ఒక్క రిపేర్లల్ల
పంతొమ్మిది ఇరిగిన పోర్టులే.
నా అన్నం ఆ ఊడని గుణం మీదనే ఉడుకుతుంది.

కింది డ్రాయరుల పాత మొనలు ఓ పిడికెడున్నయి,
తీగలు కోసేసినయి, దీపాల్లేనియి.
స్క్రూ జారి కార్పెట్ల పడితే
ఒకటి తీసి నేల మీద తిప్పుత.
ఎక్కడున్నా వాసన పట్టి లేపుతది.
ఒకటి ఆశన్నకిచ్చిన.
మంచం ఇనుప కాలుకు అంటించి
దాని మీద రూం తాళంచెవి నిలబెట్టుకున్నడు.

ఇప్పటికీ మూడింటికే వస్తడు.
ఇప్పటికీ లైటెయ్యడు.
చీకట్ల బొటనేలితోని నేలనడిగి
అడుగేస్తడు.