నలభై తొమ్మిదో మెట్టు

కూర్చో తల్లీ,
ఆయాసం తీరాక రాసుకుందువు గాని.
చిట్టినగర్ కొండ ఎవరినీ గబగబా లెక్క పెట్టనివ్వదు.
కింద సొరంగంలో ఆటోల గోల
ఇక్కడికొచ్చేసరికి ఈగల మోతంత.
నూట ఎనభై ఆరు మెట్లు.
ఈ ఇళ్ళలో సగం నా భుజం మీద ఎక్కినవే.

పేరు బోని పైడయ్య. ఊరు చీపురుపల్లి పక్కన.
వయసా?
ఆ గడి కాసేపు ఖాళీగా ఉంచు.

మా అయ్య నలభై తొమ్మిదికి పోయాడు.
ఆయన అయ్య నలభయ్యైనా చూళ్ళేదు.
అప్పట్లో ముసలాడంటే ఊరికొక్కడు,
జాతరకొచ్చిన ఏనుగులా
పిల్లలం వెళ్ళి చూసొచ్చేవాళ్ళం.

బెజవాడ వచ్చిన కొత్తలో
ఈ కొండకి ఇసక మోశాను, ఇటుక మోశాను.
కింద వరసలో రైల్వే వాళ్ళు, వాళ్ళ మీద మేము,
మా నెత్తిన పల్నాడు కరువుకి లేచొచ్చినోళ్ళు.
ఆలస్యంగా వచ్చినవాడికి
ఎత్తు ఎక్కువ, నీళ్ళు తక్కువ.
నొప్పులొచ్చిన ఆడవాళ్ళని దుప్పట్లో దింపేవాళ్ళం.
ఒకరుగా దిగి
మూణ్ణాలకి ఇద్దరుగా ఎక్కేవాళ్ళు.
తొంభయ్యో మెట్టు దగ్గర బాలబడిలో చోటు చాలక
పిల్లలు మెట్ల మీదే పలకలు పెట్టుకుంటే
అ ఆ ఇ ఈలు తొక్కకుండా
బస్తా ఎక్కించడం ఒక విద్య.

ఇప్పుడా బడిలో ఏడుగురు.
అందులో నలుగురు ఇంట్లో ఒడియా మాట్లాడతారు.
మనవాళ్ళు ఒక్కరు చాలనుకున్నారు,
చదివించాలి గదా.
ఆ ఒక్కళ్ళూ పెద్దై
పోరంకిలోనో నున్నలోనో లిఫ్టున్న చోటు చూసుకున్నారు.
తప్పని నేననను.
మెట్లు తెలిసినవాడు మెట్లని ఎవరికీ రాసివ్వడు.

నా సరుకు మారిపోయింది తల్లీ.
ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, రెండు వెదురు కర్రలు, కట్టడానికి తువ్వాళ్ళు.
మంగళ, శుక్రవారాలు మస్తానమ్మ డయాలసిస్‌కి.
మధ్యలో కళ్ళవాళ్ళు, కీళ్ళవాళ్ళు,
ఊరికే ఒకసారి కృష్ణని దగ్గరగా చూస్తాననేవాళ్ళు.
ముప్ఫై ఎనిమిది కేజీలు, నలభై,
సిమెంటు బస్తా కంటే తేలికే.
కాకపోతే బస్తా మాట్లాడదు.
"ఇన్నేళ్ళు ఎందుకిచ్చాడ్రా పైడయ్యా,
అడగని చిల్లరలాగా" అంటుంది మస్తానమ్మ
ప్రతి మలుపులోనూ.
కిందికి దిగి పునుగుల వాసన తగలగానే
ఆపరా ఆపు అంటుంది.

ఒక సంగతి, ఇది రాయొద్దు.
కింద నుంచి నలభై తొమ్మిదో మెట్టు మీద
ప్రతిసారీ కుర్చీ దింపుతాను.
నా ఊపిరి చాలక అనుకుంటారు.
మా అయ్య అక్కడ ఆగిపోయాడు.
నేనెప్పుడు దాటానో నాకే తెలీలేదు,
ఆ రోజూ భుజం మీద ఏదో బరువుండే ఉంటుంది.
ఆ తర్వాతి మెట్లు మా వంశంలో ఎవడూ ఎక్కలేదు.
అరవైలో ఎలా కూర్చోవాలో,
రాత్రి ఎంత తినాలో,
కోడలి మీద కోపం ఎంత దూరం తీసుకెళ్ళొచ్చో
చూపించినవాడు లేడు.
చీకట్లో కాలితో తడుముకుంటూ ఎక్కుతున్నాను.

వెనక కర్ర సుదామ్‌ది. గంజాం కుర్రాడు.
పై వరసలో, రాయి పగలగొట్టిన మట్టింకా ఆరని గదిలో
ఆరుగురుంటారు.
సాయంత్రాలు బందరు రోడ్డు హోటల్లో దోసెలు పోస్తాడు,
మన దోసెలే, మనకంటే గుండ్రంగా.
వాణ్ణి రాశావా?
ఇల్లెక్కడంటే రెండు వైపులా చెయ్యి చూపిస్తాడు,
ఏ గడిలో పడతాడో నీకే తెలియాలి.
రాయి తల్లీ,
కొండనిప్పుడు మోస్తున్నది వాడే.

రేపు నాకు పెద్దాసుపత్రిలో మోకాలి ఎక్స్‌రే.
కుర్చీలో నేను.
ముందు కర్రకి వాడి గదిలోవాడే ఇంకొకడు.
ఈ కొండ మీద ఎవరి బరువెంతో నోటికి చెబుతాను,
నాది ఎప్పుడూ చూసుకోలేదు.

నలభై తొమ్మిది దగ్గర దింపమని చెప్పాలి.
ఎందుకు తాతా అంటాడు.
అయ్యని ఒడియాలో ఏమంటారో
రాత్రికి కనుక్కోవాలి.