కుట్టుకి వదిలే జాగా

కుతైసిలో, రియోని వంతెనకి ఇవతల
నా దర్జీ దుకాణంలో కాజాలు కుట్టే గెలా
ఒక సాయంత్రం టేపు అడిగాడు.
ఎవరి నడుముకిరా, అన్నాను.
కంప్యూటరు కడుపుకి, అన్నాడు.

పదకొండేళ్ళ పెట్టె.
చలికోటుకని దాచుకున్న డబ్బు పెట్టి
సంతలో గ్రాఫిక్స్ కార్డు కొనేశాడు.
వాడేసినది. బిల్లు లేదు. వెనక్కి తీసుకోరు.
కొన్నాక కొలవడం!
మూడేళ్ళు నా దగ్గర నేర్చింది ఇదా?

కార్డు రెండొందల అరవై ఏడు మిల్లీమీటర్లు.
పెట్టెలో చోటు రెండొందల అరవై.
ఆ ఏడింటి కోసం
వాడు టేపుని బతిమాలాడు,
వదులుగా పట్టాడు, బిగించి పట్టాడు.
బట్ట సాగుతుంది నాయనా,
రేకు సాగదు.

అంగీ బిగుతైతే చంక ఒక్కటే చూసి ఊరుకోం కదా.
ఇంకేం చూడాలో అన్నీ చెప్పమని కూర్చోబెట్టి
కత్తిరింపు కాగితం వెనక రాసుకున్నాను.

మెమరీ కడ్డీలు: కొత్తరకం పట్టవు.
గాటు ఒకచోట, గట్టు ఇంకొకచోట.

ప్రాసెసరు: మూత ఎత్తి సాకెట్టు చూపించాడు.
పదకొండొందల యాభై సూదిమొనలు.
నలభై ఏళ్ళు సూదులతో బతికినదాన్ని,
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
ఇందులో ఇంకాస్త గట్టిది పడుతుందట,
కానీ బయోస్ పాతదైతే
లోపల సరిగ్గా కూర్చున్నా
బోర్డు దాన్ని గుర్తుపట్టదట.

సరిపడటం, గుర్తుపట్టకపోవడం.
అలాంటి ఇంట్లో ఆరేళ్ళు కాపురం చేశాను.
ఆ లైను రాయలేదు.

పవర్ సప్లై: పైన అంత లావు అక్షరాల్లో
అయిదొందల వాట్లు.
కింద చీమతలకాయల వరసలో
పన్నెండు వోల్టుల దగ్గర పద్దెనిమిది ఆంపియర్లు.
గుణించు, అన్నాను.
రెండొందల పదహారు.
పేరు గొప్ప, ఊరు దిబ్బ.
కార్డే నూట యాభై తాగుతుంది,
ప్రాసెసరు ఎనభై నాలుగు,
మిగతావాళ్ళు పస్తులుండాలా?

రేడియోలు బాగుచేసే నుగ్జార్ దగ్గర మంచిదొకటి ఉంది.
అతని కోటుకి అస్తరు చిరిగి రెండేళ్ళు.
బేరం కుదరడానికి
ఒక టీ చల్లారినంత సేపు పట్టింది.
ఈసారి గెలా
చీమతలకాయలే ముందు చదివాడు.

ఇక ఆ ఏడు మిల్లీమీటర్లు.
అడ్డం వచ్చేది డిస్కుల గూడు, రివెట్లతో బిగించింది.
పాడుచేస్తానేమో అన్నాడు.
కుట్టు విప్పడానికి భయపడేవాడు
ఎప్పటికీ కాజాలే కుడతాడన్నాను.
బోర్డు తీసి బల్లమీద దూరంగా పెట్టి
నుగ్జార్ డ్రిల్లుతో నాలుగు తలలూ ఎగరగొట్టాడు.
రాలిన రేకు పొడి
నేను గుండుసూదులు ఏరే అయస్కాంతంతో ఏరాను,
ఒక్క రవ్వ మిగలకుండా.

రాత్రి పదకొండుకి మీట నొక్కాడు.
ఫ్యాన్లు తిరిగాయి. దీపాలు వెలిగాయి.
తెర మాత్రం అమావాస్య.

కాగితం మళ్ళీ పైనుంచి కిందికి.
అన్నిటికీ టిక్కులున్నాయి.
వాడి గొంతు పూడుకుపోయింది,
కోటు, కోటు అని రెండుసార్లు గొణిగాడు.
ఏమీ తెలియని నేను పెట్టె వెనక్కి వంగి
మానిటరు తీగ పట్టుకుని అడిగాను:
ఇది ఇంకా పాత కాజాలోనే ఎందుకుంది?

కార్డులోకి మార్చాడు.
గోడమీద మా ఇద్దరి నీడలూ ఒక్కసారి నీలంగా లేచాయి.

ఆర్డరు రద్దయిన బూడిదరంగు ఉన్ని
మూడు మీటర్లు అరలో ఉంది.
టేపు ఎలాగూ చేతిలోనే ఉంది.
భుజాలు కొలిచాను, వీపు కొలిచాను,
ఇంకా ఎదిగే పిల్లాడని
కుట్టుకి రెండు వేళ్ళు ఎక్కువే వదిలాను.
చేతులెత్తరా అంటే
ఒక్కటే ఎత్తాడు.
రెండోది మౌస్ మీద ఉంది.