ఒంటి తొడుగులు

జనవరిలో హెల్సింకీకి
పొద్దు చుట్టపుచూపుగా వస్తుంది,
కుర్చీ అంచున కూర్చుని
మూడున్నరకల్లా లేచిపోతుంది.
ఇక నగరం తన దీపాలు తనే పెట్టుకోవాలి.
చర్చి గోడ మీద వెలుగు తిమింగలాలు ఈదుతాయి,
రేవు దగ్గర మంచు జారుడుబండకు
పెద్దవాళ్లు కూడా సిగ్గు విడిచి వరస కడతారు,
గడ్డకట్టిన సముద్రానికి కన్నం వేసి
మునిగి లేచినవాళ్లు
భుజాల మీంచి ఆవిర్లు కక్కుతూ
వేడి బెర్రీ రసం ఊదుకుంటారు.

నాకు అవేవీ లేవు.
పదకొండు నుంచి ఏడు దాకా
మ్యూజియం రెండో అంతస్తులో
ఒక కుర్చీ, ఒక వాకీటాకీ,
నూట నలభై మూడు చేతి తొడుగులు.

అన్నీ ఒంటివే.
ట్రాముల్లో దొరికినవి,
గడువు దాటినా ఎవరూ రాక మిగిలినవి.
క్యూరేటర్ సిన్నికా
సన్నటి దారాలతో పైకప్పుకి వేలాడదీసింది.
తలుపు తెరిస్తే చాలు, అన్నీ కొంచెం ఊగుతాయి.
వీడ్కోలు చెబుతున్న చేతుల్లా ఉన్నాయని
పిల్లల్ని తీసుకొచ్చిన ప్రతి టీచరూ అంటుంది.
నాకైతే ఆరేసిన చేపల్లా ఉంటాయి.

ఆరో నంబరు ట్రాములోనే ఎక్కువ పోతాయట.
ఎందుకో డిపోవాళ్లకీ తెలియదు.

మొన్న మంగళవారం, టికెట్ లేని రోజు,
ఒక పెద్దాయన వచ్చాడు. టోపీ తీయలేదు.
అరవై ఒకటోదాని ముందు
ఇరవై నిమిషాలు నిలబడ్డాడు.
చీటీ మీద ఇంతే:
ఉన్ని. ఎరుపు. కుడి చెయ్యి. ఎవరిదో తెలియదు.

"తప్పు" అన్నాడు.
ఎవరైనా ముట్టుకోబోతే నేను లేవాలి, లేచాను.
ఆయన చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాయి.

"ఎరుపొక్కటే కాదు. మధ్యలో ఉన్ని అయిపోతే
బొటనవేలు ఇటుక రంగుతో అల్లింది.
కుడి చెయ్యి అంతకన్నా కాదు.
ఎడమదే. వేలు తప్పు వైపు పెట్టింది.
రెండూ కుడివే వచ్చాయి మా ఇర్మెలీకి.
ఊడదీయమంటే ఊడదీయదు.
నేను నవ్వానన్న కోపంతో
ఏడు చలికాలాలు అలాగే తొడుక్కుంది."

వెనక్కి కావాలంటే ఫారం ఉందన్నాను.
"వద్దమ్మా. రెండోది ఇంట్లో ఉంది.
ఈ చీటీ మార్చండి, చాలు."

చీటీలు మార్చడానికి కమిటీ ఉంటుంది.
కమిటీకి ఫిబ్రవరి ఉంటుంది.
సిన్నికా ఏమీ అనలేదు,
సాయంత్రం గేటు మూశాక
నిచ్చెన నన్ను పట్టుకోమంది.

మళ్లీ మంగళవారం
ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, వంగి చదివాడు:
ఉన్ని. ఎరుపు, బొటనవేలు ఇటుక రంగు.
ఎడమ చేతికి అల్లిన కుడి తొడుగు.
అల్లినది ఇర్మెలీ.

ఏడుస్తాడేమోనని జేబులో కాగితపు రుమాలు
సిద్ధంగా పెట్టుకున్నాను, అబద్ధమెందుకు.
ఆయన అడిగింది వేరే:
"జారుడుబండ ఇంకా ఉందా?"
ఆదివారం దాకా, అన్నాను.
"వరస పెద్దదా?"
పెద్దదే.

కొట్టులో కొన్న నల్ల తొడుగులు,
కుడిది కుడికీ ఎడమది ఎడమకీ
పద్ధతిగా తొడుక్కుని వెళ్లాడు.

తలుపు పడింది. గాలి కదిలింది.
ఇప్పటికీ చేపల్లాగే ఉన్నాయి.
అరవై ఒకటోది మాత్రం
మిగతావి ఆగాక కూడా ఇంకాసేపు ఊగింది.
వంకర వేలు బరువుకేమో.