గడ్డకట్టిన సీసా

జనవరి తెల్లవారుజాము.
అరిజోనా ఎడారిలో, సెల్స్ ఊళ్లో
కిటికీ గట్టు మీది సీసా గడ్డకట్టింది.
లొరెయిన్ ఆంటోన్ దాన్ని చంకలో ఇరికించుకుని
కాఫీ కాచుకుంటోంది.

నిన్నంతా హైవే మీద
'ఆగు', 'మెల్లగా' అని తిప్పిన పలక.
ముక్కు మీద పొలుసులు,
జుట్టులో తారు వాసన.

పద్దెనిమిది డాలర్లు పోసి టూసాన్‌లో కొన్నది.
కౌంటర్ పిల్ల "జొజొబా" అంది.
"హొహొబా" అని దిద్దింది లొరెయిన్,
పెరటి పొదని పేరుపెట్టి పిలిచినట్టు.

ఆ పొదల్లో ఆడది వేరు, మగది వేరు,
మధ్య రాయబారం గాలిది.
కాయ రాలితే ముందు హవెలీనాల మంద,
మిగిలితే మనుషులు.
మేనత్త వేయించి, నూరి,
పొయ్యి కాల్చిన చేతికి పట్టించేది.
అప్పుడు దానికి మూతా లేదు, ధరా లేదు.

నూనె అంటారు గానీ, మైనం.
ఒంటి వేడి తగిలితే చాలు, మాట వింటుంది.

తడి ముఖం మీద మూడు చుక్కలు.
ముక్కుకి కాస్త ఎక్కువ.
నాలుగో చుక్క
బయటి గేటు బందుకి:
రాత్రంతా కీచుమంది పాపం,
దానిదీ
ఎండలో నిలబడే ఉద్యోగమే.