బండ మాట

మా క్వార్టరు వంటింట్లో
స్టీలు గ్లాసులకే ముందు తెలిసేది.
పగటీలి రెండున్నరకు ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు.
గూట్లో గ్లాసులు గల్లుమని ఒకదాన్నొకటి తాకేవి,
అమ్మ పప్పు గిన్నె మీద చెయ్యి వేసేది,
ఒక్క ఊపిరి తర్వాత
కిటికీలోంచి వచ్చేది ఆ ధుమ్మనే చప్పుడు.

"నేల ముందుగాల జెప్తది,
గాలి ఎనుక మోస్కొస్తది" అనేటోడు బాపు.
రాయిలో ఎంత వేగం, గాలిలో ఎంత వేగం,
బడిలో సారు బోర్డు మీద రాసిన లెక్క
నాకు మా గ్లాసుల దగ్గర అర్థమైంది.

మా బాపు ఓదెలు, బాయిల సర్దారు.
చేతిలో, కొసకు ఇనుప పొన్ను తొడిగిన కర్ర.
షిఫ్టు మొదలుగాక ముందు అందరికంటె ముందట నడిచి
ఒక చేత్తో పైకప్పును కొట్టి
ఇంకో చేతి వేళ్లు బండకు ఆనిస్తడు.
ఎనుక పదకొండు మంది, పదకొండు దీపాలు,
దగ్గొచ్చినా మింగుకుంటరు.
కణ్ మంటే పొమ్మని.
బొద్దుమంటే,
పైన పొర విడిచింది, ఎవ్వడు అడుగెయ్యొద్దని.

మందమర్రి సంతల అమ్మ కుండ కొనేటప్పుడు
వేలి గణుపుతో కొట్టి చూస్తుంటే
బాపు పక్కకు తిరిగి నవ్వేటోడు.
"నీకు పగిలితే నీళ్లు పోతయి, అంతే."

కట్టె దిమ్మల గురించి కూడా చెప్పేటోడు:
"కట్టె కిర్రుకిర్రున ఏడ్చి విరుగుతది, ఉరికే టైమిస్తది.
ఇనుప దిమ్మకు నోరు లేదు బిడ్డా,
అది చెప్పకుంట వంగుతది."

*

ఐదేండ్లకోసారి కంపెనీ దవాఖానల చెవుల పరీక్ష.
ఆ దినం మిషను మీద డ్యూటీ నాది.
అద్దాల గదిలో, చెవులకు నల్లటి డిప్పలు పెట్టుకొని
బడిపిల్లగానిలెక్క కూసున్నడు.
"ఇనవడ్డప్పుడల్లా వేలెత్తు" అన్న.

లావు శబ్దాలకు ఎత్తిండు.
సన్నవి పంపిన. ఎత్తిండు.
ఇంకా సన్నవి. ఎత్తిండు.
నాకు అనుమానమొచ్చి
ఏమీ పంపకుండ బటన్ మీద చెయ్యి కదిపిన.

ఎత్తిండు.

చెవులతోని కాదు, అద్దంలోంచి
నా భుజం కదలికను వింటున్నడు.
ముప్పయ్యేండ్లు డ్రిల్లు మిషను, హాలేజి తాడు,
కొంచెం కొంచెం తినుకుంట పోయినయి.

నేను కుర్చీ తిప్పుకొని, అతనికి ఈపు చూపించి
మల్ల మొదటి నుంచి మొదలువెట్టిన.
ఆ ఐదు నిమిషాలు
నా జీవితంలో నేను చేసిన అన్నిటికంటె పొడుగు పని.

కాగితం మీద గీత
మూడు వేల దాకా తిన్నగ నడిచి
నాలుగు వేల దగ్గర
బాయి మెట్లు దిగినట్టు దిగింది.
అక్కడనే ఉంటయి కీచురాళ్లు, ప్రెషరు కుక్కరు కొస విజిల్,
శ, స, అన్నీ.
అమ్మ నన్ను "శశీ" అని కేకేస్తే
ఇన్నొద్దులు అతనికి అందింది
ఒట్టి రెండు అచ్చులు.

ఫారం నింపిన. సంతకం పెట్టిన.
బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంట
బాపు అడిగింది ఒక్కటే,
"కణ్ ఏడుంటది, ఆ గీత మీద?"

ఖచ్చితంగ నాకు తెల్వదు.
తెల్వదనే చెప్పిన.

*

ఇప్పుడు ట్రైనింగ్ సెంటరుల కొత్త పిల్లలకు నేర్పుతున్నడు.
సిమెంటు కప్పు కింద రాజలింగు అనే పిలగాడు కర్రతో కొడుతడు,
బాపు కప్పు దిక్కు చూడడు.
"వాడు ఇన్నడా లేదా
వాని మొఖమే జెప్తది" అంటడు.

ఇంట్లో మాత్రం రెండున్నర కావస్తుంటే
ఏదో వెతుకుతున్నట్టు వంటింట్లకొచ్చి
గూటి అంచు మీద నాలుగు వేళ్లు పెట్టి నిలబడుతడు.
గ్లాసులు కదలకముందే
"ఆఁ" అంటడు.

అమ్మ గిన్నె పట్టుకుంటది.