బంతి ఆగిన చోట

ఒగ్దో అవ్వ ఇంట్లో నేల సమంగా ఉందో లేదో
చెప్పేది నా రసమట్టం కాదు,
ఎర్ర రబ్బరు బంతి.
గడప దగ్గర వదులుతుంది.
అది పొయ్యి దాటి, మంచం కిందుగా
ఉత్తరపు మూలకి దొర్లిపోతుంది,
అక్కడెవరో పిలిచినట్టు.
"చూశావా ద్యులుస్, మళ్ళీ పోయింది."
ఈ వేసవిలో మూడోసారి.

జాకీలు, లార్చి దిమ్మలు, టార్చిలైటు పట్టుకుని
ఇంటి కిందకి పాకుతాను.
అదే నా వృత్తి.
ఖారా-అలాస్‌లో నలభై ఇళ్ళు, నలభై వంకరలు.
ఒకటి తలవంచుకున్న పెళ్ళికొడుకులా,
ఒకటి తాగొచ్చిన మామలా.
బడి మాత్రం నడుముకి రెండుగా విరిగి
గంట కొట్టకుండానే సెలవిచ్చేసింది.

మా తాతల నాడు
ఈ నేల కింద చలికాలం ఎప్పుడూ పడుకునే ఉండేది.
రెండు నిలువుల లోతు తవ్వితే చాలు,
మంచు గోడల కొట్టు.
గుర్రం మాంసం, చెరువు చేపలు,
లేనా నది నుంచి కోసి తెచ్చిన తాగునీటి దిమ్మలు.
తలుపు మూస్తే ఏళ్ళకేళ్ళు అలాగే,
కరెంటు బిల్లు రాని పెట్టె.
మొన్న జూలైలో అవ్వ మూత ఎత్తింది.
ముక్కు మూసుకుంది.
మోకాటి లోతు నల్లనీళ్ళలో
శీతాకాలపు తిండంతా తేలుతోంది.
ఏడవలేదు. ఒక్కో ముక్కా లెక్కపెడుతూ బయటికి తీసి
కుక్కలు కూడా వద్దన్నాక పూడ్చింది.
"పూడ్చడానికైనా కాస్త గట్టినేల మిగిల్చారు" అంది.
ఎవరని నేనడగలేదు.

ఎవరంటే,
సముద్రాల అవతల, మా నోరు తిరగని పేర్ల ఊళ్ళల్లో
రాత్రంతా ఆరని కొలుములు,
ఒక్క మనిషిని మోసుకుపోయే నాలుగు సీట్ల బండ్లు.
వాటి పొగ మాకు కనబడదు.
మాకు కనబడే పొగ వేరు:
టైగా అడవి తగలబడితే
మిట్టమధ్యాహ్నం దీపం పెట్టుకున్న రోజులు,
పసిబిడ్డ ముక్కుకి తడిగుడ్డ అడ్డం పెట్టిన రోజులు.
అడవి కాలితే నాచు పోయింది,
నాచు పోతే నేల నెత్తిన గొడుగు పోయింది,
కరిగిన నేలలో ఏనాటిదో కుళ్ళు బుడగలై పైకొచ్చి
మళ్ళీ ఆ ఆకాశాన్నే వేడెక్కిస్తుంది.
తన తోకని తానే తరుముకునే కుక్క.

పాపం తలా పిడికెడు. నా పిడికిలీ ఉంది.
ఇరవై ఆరేళ్ళప్పుడు బుల్డోజరు నడిపాను.
విమానాలు దిగే మైదానం కోసం
ఊరి తూర్పున లార్చి చెట్లన్నీ పడగొట్టి
నాచుని చాపలా చుట్టేశాను.
ఆ జీతంతో తోలుబూట్లు కొన్నాను.
ఇప్పుడక్కడ చెరువు.
ఏడాదికో కంచె తింటోంది.
బూట్లు ఇంకా ఉన్నాయి,
వాటితోనే ఇవాళ పాకుతున్నాను.

అవ్వ మనవరాలు సాస్కిలానా
నేలలోకి ఇనప ఊచ దించి వేడి కొలుస్తుంది.
"మైనస్ పాయింట్ నాలుగు" అని
నోటుబుక్కులో రాసుకుంటుంది,
రోగి మంచం పక్కన నర్సులా, గొంతు తగ్గించి.
ఏం చెయ్యాలే పిల్లా అంటే
వేళ్ళు మడిచి చెప్పదు, లాక్కుపోయి చూపిస్తుంది.
కురిసిన మంచు నేలకి దుప్పటట,
దుప్పటి కింద నేలకి చలి అందదట.
అందుకే శీతాకాలమంతా గుర్రాలని
చెరువు చుట్టూ తోలుతోంది.
గడ్డి కోసం అవి డెక్కలతో మంచు గోకితే
మైనస్ యాభై నేరుగా లోపలికి దిగుతుంది.
గట్టున మళ్ళీ పరిచిన నాచు,
నాటిన లార్చి మొక్కల్లో బతికినవి పదకొండు.
ఊరి కార్యాలయంలో మూడేళ్ళుగా ఒకే అర్జీ:
డీజిల్ ఇంజను ఆపి సోలార్ పలకలు ఇవ్వమని.

"మిగతా ప్రపంచం?" అన్నాను.
"వాళ్ళకీ రాశాను,
మీ మంట కాస్త తగ్గించండి,
మా ఇల్లు ఒరుగుతోంది అని."
జవాబు వచ్చిందా అని అడగబోయి
జాకీ తిప్పాను.

దూలం మూలిగింది. ఇల్లు వేలెడు లేచింది.
పైన బంతి చప్పుడు.
దొర్లింది, నెమ్మదించింది,
పొయ్యి ముందు ఆగింది.
"ఆగిందిరా!" అవ్వ కేక.
నేను ఇంటి కింద వెల్లకిలా.
వీపు తడిసిపోతోంది.
చెమట కాదు.