అందాజ

పొద్దున్నే ఫోన్ల మోగుతది, మరాఠీల:
హవామాన్ అందాజ్.
హల్కా తే మధ్యమ్ పాఊస్.

నేను కృషి సఖిని.
నెలకింత అని ఇస్తరు, ఇచ్చిన నెల.
సిరొంచ అవతల, ప్రాణహిత ఒడ్డు పొంటి
నాలుగు ఊర్లకు
ఆ వానను తెలుగు చేసి మోసుకపోవుడు నా పని.

"అందాజ అని వాళ్ళే ఒప్పుకుంటున్నరు గదనే!"
నవ్వుతడు జాడి మొండయ్య,
బీడీ చెవి మీద పెట్టుకొని.
ఆయనకు మిరుగం ఉన్నది.
మిరుగం నాడు ఇంగువ, బెల్లం మింగి
దుక్కిల కాలు పెట్టినోడు చెడిపోడని
వాళ్ళ నాయన మాట.
"మీ నాయన పోయి ముప్పై ఏండ్లాయె పెదనాయినా,
మిరుగం గుడ పోయిందేమో"
నోరు జారింది.
ఆ దినమంత ఆయన నాతోని మాట్లాడలే.

చెయ్యి మణికట్టు దాక భూమిల పెట్టుండ్రి అన్న.
తడి వేళ్ళ కాడనే ఆగితె
ఇత్తనం సంచి విప్పకుండ్రి అన్న.
చెప్పుడు అలక.
పక్క చేన్ల పత్తి గింజ పెడుతుంటె
తన చేను బోసిగ చూసుకుంట కూసునుడు
చేసినోనికే ఎరుక.
ఆగినోళ్ళు ఏడుగురు.
ఆ ఏడిండ్ల ముందటికెల్లి
పదహారు దినాలు తల వంచుకొని నడిచిన.
పదిహేడో నాడు
మొలకలు మాడినయి, ఆగనోళ్ళవి.
నా మాట గెలిచింది.
మాడిన చేన్లల్ల మా చిన్నమ్మది గుడ ఉన్నది.

శ్రావణంల మా మీద చినుకు లేదు.
ఎక్కడనో కురిసిన వాన
మా చేన్లకు నడిచొచ్చింది రాత్రికి రాత్రి.
ఆగి ఏసినోళ్ళెవరో,
ఆగకుంట ఏసి మళ్ళ ఏసినోళ్ళెవరో
ప్రాణహితకు ఏం తెలుసు.
ఫోన్ల మాత్రం, మూడో దినం:
ముసళధార్ పాఊస్, జాగ్రత్త.

పంచనామాకు తలాఠీ వచ్చిండు.
సాత్ బారా మీద సచ్చిన తాత పేరున్నోళ్ళకు
నష్టం లేనట్టే రాసుకున్నడు.

అప్పుడు దుర్గం బానక్క
అటుక మీదికెల్లి కుండ దించింది.
బూడిద ఊదితె ఉలవలు.
పిల్లలు ముట్టరు.
ఎడ్లకు ఉడకేద్దామంటె
ఊర్ల ఎడ్లేవి, ట్రాక్టర్లాయె.
మరెందుకు దాస్తున్నవే అంటె
"దాసేది దేనికో తెలిస్తె
అది దాసుడెట్లయితది బిడ్డా" అన్నది.
ఒండ్రు పర్రెలు వడకముందే చల్లుండ్రి,
తవ్వెడు తీస్కపోయినోళ్ళు
రెండు తవ్వలు తేవాలె,
తేనోళ్ళ పేరు నేను మర్చిపోను, అన్నది.

నా ట్రైనింగు పుస్తకంల ఈ ముచ్చట లేదు.
సంచి పట్టుకొని ఇల్లిల్లు తిరిగిన.
కొన్ని చేన్ల పచ్చగ లేసింది.
కొన్ని చేన్ల ఇసుక మేటేసింది, ఏదీ లేవలే.
మొండయ్యది సగం అడివి పందులు తిన్నయి.
సగానికి ఆయన
రెండు తవ్వలు కొలిచి, పైన పిడికెడేసి,
బానక్క గడపల పోసిండు.

నెలాఖరుకు ఫారం నింపాలె.
లాభార్థి పేరు. ఊరు. ఇచ్చిన సలహా.
బానక్కను ఏ గడిల రాయాలె సార్ అని అడిగిన.
"లాభార్థిల రాయమ్మా, వేరే గడి లేదు."
రాసిన.
ఇప్పటికీ ఆ అక్షరం నాకు గుచ్చుకుంటది.

ఈయేడు మిరుగం నాడు
ఇంక ఫోను మోగనే లేదు,
తడిక కాడ దగ్గు.
మొండయ్య.
నోట్ల ఇంగువ వాసన.
"మీ అందాజ ఏమంటున్నదే?"
ఇంక రాలేదు పెదనాయినా అన్న.
ఆయన కుడి చెయ్యి ముందటికి చాపిండు.
మణికట్టు దాక మన్ను.
తడి,
వేళ్ళ కాడనే.